చెయ్యి పెడితే మీదికొచ్చే కుందేలు

నాలుగు నెలలదాకా ఒళ్లో పడుకున్న కుందేలు ఇప్పుడు గుర్రుమని చేతి మీదికి దూకుతోందా? పొగరు కాదు, ఈడుకొచ్చింది. బోను దాని ఇల్లు. గిన్నె తియ్యడానికి మీరు పెట్టేది దాని లెక్కలో దొంగ చెయ్యి.

ముందు చెవులు చూడండి. అవి వీపుకు అతుక్కుని, తోక నిక్కి, ఒళ్లు బిగిసిందంటే దూకుతుంది. సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనిపించదు, అందుకే మూతి దగ్గర చెయ్యి పెట్టొద్దు. పక్కనుంచి కనబడేలా తెచ్చి మెల్లగా నుదుటి మీద ఆనించండి. ముంజేతికి మందపాటి తువ్వాలు చుట్టుకోండి. దూకగానే చెయ్యి లాక్కుంటే, బెదిరిస్తే పనవుతుందని నేర్చుకుంటుంది. కొడితే ఇంకా మొండికేస్తుంది. బోను కడిగేది అది బయట తిరిగేటప్పుడే; దాని వాసన ఉండేలా పిడికెడు పాత గడ్డి మిగల్చండి.

అసలు మందు పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్. మగదానికి 4–5 నెలలకు, ఆడదానికి 6 నెలలకు. కుందేళ్లకు మత్తిచ్చిన అనుభవమున్న డాక్టర్ నల్లగొండలోనో పాలమూరులోనో దొరక్కపోతే హైదరాబాద్ వెళ్లడమే మేలు. ముందురోజు పస్తు పెట్టొద్దు, కుందేలు పేగు ఆగితే ప్రాణం మీదికొస్తుంది. కోపం దిగడానికి 4–8 వారాలు పడుతుంది. మగదాన్ని 6 వారాలదాకా ఆడదానితో కలపొద్దు.

ఆడది బొచ్చు పీక్కుని గూడు కడితే అది ఉత్తుత్తి చూలు కావచ్చు; రెండున్నర వారాల్లో తగ్గుతుంది, గూడు పీకొద్దు. పెద్ద కుందేలు ఉన్నట్టుండి కరిస్తే పళ్లు, అరికాళ్ల పుండ్లు చూపించండి. మన ఎండాకాలంలో బోను రేకుల కింద పెడితే ఏ కుందేలైనా చిరాకుపడుతుంది.