నాయనమ్మ, తాతయ్య వద్దన్నప్పుడు: ఇంట్లో రెండు భాషలు

కాజీపేట జంక్షన్ ఉన్న వరంగల్ ప్రాంతంలో మరాఠీ కోడళ్లు, హిందీ అల్లుళ్లు కొత్తేమీ కాదు. అయినా కోడలు బిడ్డతో మరాఠీలో మాట్లాడగానే "రెండు భాషలైతే పోరనికి మాటలే రావు" అని అత్తగారు అడ్డుపడవచ్చు.

ఆ మాటకు జవాబు కోడలు కాక కొడుకే చెప్పడం మంచిది. చాలాసార్లు పెద్దల అసలు దిగులు భాష గురించి కాదు, మనవడు తమకు దూరమవుతాడేమోనని. అందుకే వాదనకు దిగక "అమ్మా, తెలుగు నువ్వే నేర్పాలె" అని ఆ బాధ్యతను వారికే అప్పగించి, బతుకమ్మ పాటలు, సామెతలు, కథలు వారి నోటనే వినిపించాలి. వారి ఎదుట తల్లి మరాఠీలో మాట్లాడినప్పుడు ఆ మాటను వెంటనే తెలుగులోనూ చెబితే, తమను పక్కన పెట్టారన్న భావన వారికి కలగదు.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. పిల్లవాడికి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కించేటప్పుడు రెండు భాషలవీ కలిపి చూడాలి. ఒకే వాక్యంలో రెండింటినీ కలపడం కూడా సహజమే. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి పలకకపోతే మాత్రం, ఇంట్లో ఎన్ని భాషలున్నా, వినికిడి పరీక్ష చేయించాలి.

తాతయ్య ఇంకా ఒప్పుకోకపోతే ఆయన తండ్రి తరాన్ని గుర్తుచేయవచ్చు. నిజాం కాలంలో ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. ఆయన రోజూ వాడే "జర", "దవాఖాన" ఉర్దూ నుంచి వచ్చినవే.