మిరుగు రాకముందే చెక్ ఇంజిన్ లైటు సంగతి తేల్చుకోండి

ఎండాకాలమంతా డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ గుర్తు వెలుగుతున్నా ‘బండి నడుస్తోంది కదా’ అని తిరిగినవాళ్లు మనలో చాలామందే. వానలు మొదలయ్యాక ఆ ధీమా పనికిరాదు. ఎండలో కనపడని వైరింగ్ లోపమే తడి తగిలితే ములుగు రోడ్డు మీద అర్ధరాత్రి బండిని ఆపేస్తుంది.

లైటు నిలకడగా వెలుగుతుంటే రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ఇంజిన్ మిస్సింగ్ కొడుతున్నట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. వేగం తగ్గించి, పక్కకు తీసి ఆపేయండి.

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు బ్లూటూత్ స్కానర్ పెడితే లోపమేంటో సూచించే కోడ్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. కొందరు మెకానిక్‌లు చూడగానే కోడ్ చెరిపేసి ‘అయిపోయింది సార్’ అంటారు. లోపం అట్లనే ఉంటే లైటు మళ్లీ వస్తుంది. లోపం వచ్చినప్పుడు ఇంజిన్ వేడి, వేగం ఎంత ఉన్నాయో దాచిన వివరాలు మాత్రం చెరిగిపోతాయి. బ్యాటరీ వైరు తీసినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది.

కోడ్ వీధి పేరు చెబుతుంది గానీ ఇంటి నంబరు చెప్పదు. పీ0171 అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందని. అది చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే డబ్బులు దండగ. ముందు ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంపు దగ్గర రెండు చేతులతో సాగదీసి చూడండి. మామూలుగా కనపడని చీలిక అప్పుడు నోరు తెరుస్తుంది.

పీ0302 వస్తే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. ఒక్కో ప్లగ్గు మీద దానికి కరెంటిచ్చే కాయిల్ ఒక్కోటి కూర్చునే బండి అయితే ఇంజిన్ చల్లారాక తాళం తీసేసి, రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చండి. కోడ్ చెరిపి నడిపితే పీ0303 వచ్చిందా, తప్పు కాయిల్‌దే. మళ్లీ పీ0302 వస్తే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంటలోకి టార్చ్ వేయండి. అడుగున నీళ్లో తుప్పో కనిపిస్తే అసలు కారణం అక్కడే. అందుకే సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టొద్దని గట్టిగా చెప్పండి.

సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు ఒకేసారి వస్తే సెన్సర్ల జోలికి పోకుండా బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా ఒకసారి చూడండి, వానాకాలంలో వాటికి వెచ్చని చోటు ఇంజినే.

ఇక ములుగు రోడ్డు పక్కనున్న కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకి రోడ్డు మీద నీళ్లు పారుతుంటే స్కానర్ ఏమీ చేయలేదు. లోతు తెలియకుండా దిగొద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. సిలిండర్‌లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బండిని తోసుకునో, కట్టి లాగించో షెడ్డుకు చేర్చి, ప్లగ్గులు విప్పించి నీళ్లు బయటికి తీయించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలరంగులో ఉంటే దాన్నీ మార్పించాకే స్టార్ట్ చేయనివ్వండి.