షటిల్ ఆడే పిల్లల్లో వెన్ను వంకర: ఎత్తు, పల్లం, ఊపిరి

గచ్చిబౌలి కోర్టుల్లో ఆడే పిల్లల్ని వెనకనుంచి చూడండి. రాకెట్ పట్టే భుజం తరచుగా కాస్త దిగి కనిపిస్తుంది. అదొక్కటే అయితే ఆటతో వచ్చిన అలవాటు, కంగారు పడనక్కర్లేదు. అసలు వంకర ముందుకు వంగినప్పుడు బయటపడుతుంది.

చొక్కా విప్పించండి (అమ్మాయిలకైతే అమ్మో, మహిళా కోచో చూడాలి). పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు మడవకుండా, అరచేతులు జోడించి నెమ్మదిగా వంగమనండి. వీపు మీ కంటి ఎత్తుకు రావాలి. ఒకవైపు పక్కటెముకలు దిమ్మలా లేచాయంటే స్కోలియోమీటర్ (వీపు వాలును డిగ్రీల్లో కొలిచే చిన్న పరికరం) పెట్టి చూడాలి. 5 నుంచి 7 డిగ్రీలో, ఆపైనో చూపిస్తే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. ఎక్స్‌రే నిలబెట్టి, వెన్ను మొత్తానికీ తీయించాలి. పడుకోబెట్టి తీస్తే కోణం తగ్గి కనిపిస్తుంది. ఎక్స్‌రేలో వెన్ను పక్కకు ఎంత వంగిందో చెప్పే కొలతే కాబ్ కోణం. అది కనీసం 10 డిగ్రీలు ఉంటేనే స్కోలియోసిస్, అంటే వెన్ను వంకర అంటారు. 25 దాటి, ఇంకా ఎదిగే వయసైతే సాధారణంగా బ్రేస్ (ఒంటికి బిగించి వెన్నును పట్టి ఉంచే గట్టి తొడుగు) వేస్తారు. వ్యాయామం బ్రేస్‌కు తోడే తప్ప బదులు కాదు.

వెన్ను పక్కకు వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. అందుకే ఒకవైపు వీపు ఎత్తు, రెండోవైపు పల్లం. జర్మనీలో 1921 నాటి ష్రాత్ అనే వ్యాయామ పద్ధతి కిటుకంతా ఆ పల్లంలోకి ఊపిరి నింపడమే.

కుడి వీపు ఎత్తుగా ఉన్న ఒకే వంపు అనుకుందాం. పిల్లను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిపించండి. రెండు గుప్పిళ్ల బియ్యం గుడ్డలో మూటగట్టి కుడివైపు ఎత్తు కింద పెట్టండి. నడినెత్తి ఒకవైపు, తుంటి ఇంకోవైపు లాగినట్టు ఒళ్లు సాగదీయమనండి. ఎడమ వీపు కింద మీ అరచెయ్యి ఉంచి, ‘ఈ చేతిని నెట్టు’ అంటూ ముక్కుతో గాలి పీల్పించండి. పక్కటెముకలు చేతికి తగలాలి. పొట్ట ఒక్కటే లేస్తే లెక్కలోకి రాదు. తర్వాత ‘స్‌స్‌’ అంటూ మెల్లగా వదలాలి, వదిలేటప్పుడు సర్దిన ఒళ్లు జారకూడదు. అయిదు ఊపిర్లు, కాస్త విరామం, అలా మూడుసార్లు. కుదిరాక స్టూలు మీద కూర్చుని, ఆపైన అద్దం ముందు నిలబడి ఇదే చెయ్యాలి. మొత్తం 20 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. ఎస్ ఆకారంలో రెండు వంపులుంటే ఈ కొలతలు పనికిరావు. ష్రాత్ నేర్చిన ఫిజియోతో రాయించుకోవాలి.

ఎక్కువగా చెడేది ‘రెండు వైపులా సమానంగా చేద్దాం’ అన్నచోట. ఎత్తు వైపు కూడా అలాగే నింపితే దిమ్మను ఇంకా బయటికి నెట్టినట్టే. భుజాలు చెవులదాకా ఎత్తేయడం, నడుము విల్లులా వంచేయడం తర్వాతి తప్పులు. బార్‌కు వేలాడితే సరైపోతుందన్న మాట ఊరంతా ఉంది. దిగగానే వెన్ను మళ్లీ మామూలే. టెన్త్ పరీక్షలని మూడు నెలలు మానేసేవాళ్లూ ఉన్నారు, సరిగ్గా ఎదిగే వయసులో.

ఆట మాన్పించకండి. ప్రతి నెలా ఒకటో తారీకున గోడ మీద ఎత్తు గీయండి. గీత గబగబా పైకి పోతున్న రోజుల్లోనే వంకరా పరిగెడుతుంది. అప్పుడు నాలుగు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు. కోణం 5 డిగ్రీలకు మించి పెరిగితే పెరిగినట్టే, అంతకు లోపు తేడా కొలతలో పొరపాటు కావచ్చు. రాత్రి నిద్ర లేపే నొప్పి, కాళ్లలో తిమ్మిరి, మూత్రం అదుపు తప్పడం, వీటిలో ఏది కనిపించినా చాప చుట్టేసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.