తొలి కస్టమ్ మడత చాకు: అడ్వాన్స్ ఇచ్చే ముందు జాగ్రత్తలు

పండ్లకు, తాళ్లకు, పార్శిళ్లకు 3 అంగుళాల బ్లేడు చాలు. తొలిసారే నాలుగు అంగుళాలు అడిగితే జేబుకు బరువు తప్ప ఒరిగేదేం లేదు.

స్టీలు పేరొక్కటే అడిగి ఊరుకోవద్దు. హీట్ ట్రీట్‌మెంట్ (స్టీలును కాల్చి చల్లార్చి గట్టిపరచడం) ఎవరు చేస్తారు, కాఠిన్యం ఎంత అని అడగండి. డీ2 రకం స్టీలు అయితే 59–61 హెచ్‌ఆర్‌సీ (కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు) బాగుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 1095 అనే కార్బన్ స్టీలు వద్దు, తుడవకపోతే ఇట్టే తుప్పు పడుతుంది. పిడికి చెక్క కన్నా మికార్టా (రెజిన్‌తో గట్టిపరచిన గుడ్డ పొరలు), జీ10 (రెజిన్‌తో గట్టిపరచిన గాజుపీచు) నయం. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది.

అసలు చూడాల్సింది లాక్. లైనర్ లాక్‌లో పిడి లోపలి రేకు ఒకటి తెరిచిన బ్లేడు మడమకు (పిడి వైపు కొసకు) ఆని, అది మూసుకోకుండా ఆపుతుంది. ఆ రేకు మడమ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఆనాలి. అంచుకే ఆనితే ఒత్తిడికి జారి బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది. కొత్తలోనే అవతలి అంచుకు చేరిందంటే, అరిగేకొద్దీ బ్లేడు ఊగుతుంది. తెరిచి అటూఇటూ, పైకీకిందికీ కదిపే వీడియో పంపమనండి. ఫొటోలో ఊగడం కనిపించదు. మూసినప్పుడు బ్లేడు మొన పిడి లోపలి రేకులకు రాసుకోకూడదు.

కొలతలు, గడువు, మరమ్మతు ఎవరి ఖర్చు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. పూర్తి డబ్బు ముందే కట్టొద్దు.

విమానంలో చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలోనే పోతుంది, చెకిన్ సామానులో వేయండి.