టూల్ బాక్సులోకి సాకెట్ రైల్ ఎంచుకునే పద్ధతి

సాకెట్ రైల్ అంటే నట్లు, బోల్టులు విప్పే సాకెట్లను క్లిప్పులకు తగిలించి వరుసగా ఉంచే పట్టీ. దాన్ని కొనడానికి దుకాణానికి వెళ్లే ముందే మీ దగ్గరున్న సాకెట్లన్నింటినీ బయటకు తీసి, వాటి చదరపు రంధ్రం (పిడి దూరే చోటు, దీన్నే డ్రైవ్ అంటారు) కొలతను బట్టి వేరుచేసుకోవాలి. చిన్న పనులకు పావు అంగుళం, బైకులకూ కార్లకూ అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, ట్రాక్టరు పనికి అరంగుళం, లారీ చక్రాల నట్లకు ముప్పావు అంగుళం డ్రైవ్ సాకెట్లు వాడుకలో ఉన్నాయి. మిల్లీమీటర్లలో ఇవి వరుసగా 6.35, 9.5, 12.7, 19 అవుతాయి. రైల్ మీది క్లిప్పు ఈ రంధ్రంలోకి దూరి సాకెట్‌ను పట్టుకుంటుంది కనుక, ఒక డ్రైవ్‌కు చేసిన క్లిప్పు మరో డ్రైవ్‌కు పనికిరాదు.

తరువాత పొడవు. దుకాణదారు క్లిప్పుల సంఖ్య చెబుతాడు, కానీ స్థలం తినేది క్లిప్పు కాదు, సాకెట్ వెలుపలి వెడల్పు. అరంగుళం డ్రైవ్‌లో 32 నంబరు (32 మిల్లీమీటర్ల నట్టుకు సరిపడే) సాకెట్ ఒక్కటే నలభై మిల్లీమీటర్లు దాటుతుంది. అందుచేత పన్నెండు క్లిప్పులున్న పట్టీ మీద చివరి రెండు పెద్ద సాకెట్లకు చోటు మిగలకపోవడం మామూలే. సాకెట్లను బల్ల మీద చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఆనించి పేర్చి, వేళ్లు పట్టేంత సందు కలుపుకొని టేపుతో కొలిస్తే ఎంత పొడవు కావాలో తేలిపోతుంది. ఇంపాక్ట్ సాకెట్ల (దెబ్బలతో తిప్పే మెషీన్‌కు వాడేవి) గోడ మందంగా ఉంటుంది కాబట్టి వాటిని విడిగా కొలవాలి.

మన వైపు ఎక్కువగా కనిపించేది మూత తెరవగానే రెండు పక్కలకు విచ్చుకునే ఐదు అరల ఇనుప పెట్టె. దాని పై అరలు లోతు తక్కువ. డీప్ (పొడవాటి) సాకెట్‌ను క్లిప్పు మీద నిలబెట్టినప్పటి ఎత్తు అర లోతును మించితే పెట్టె మూసుకోదు. అప్పుడు రైల్‌ను పక్కకు పడుకోబెట్టాలి, లేదా అడుగు అరలో పెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పట్టు విషయంలోనే. జడ్చర్లలోనో నల్లగొండలోనో ఒకే షెడ్డులో కూర్చుని పనిచేసేవారికి మామూలు స్ప్రింగు క్లిప్పు చాలు, ఎందుకంటే నూనె చేతులతో ఒక్క లాగులో ఊడి రావడమే వారికి ముఖ్యం. వరి కోతల వేళ హార్వెస్టర్ ఎక్కడ ఆగితే అక్కడికి పెట్టెను బండి వెనక కట్టుకుని మిర్యాలగూడ పక్క పొలాల గట్ల మీదుగా పోయే మెకానిక్ సంగతి వేరు. కుదుపులకు ఊడిన సాకెట్లు పెట్టె అడుగున పానాలతో కలిసిపోతాయి కాబట్టి, అతను పావు చుట్టు తిప్పితేనే ఊడే లాక్ క్లిప్పు రకానికి కాస్త ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయం. మీ సాకెట్లలో ఒక చిన్నది, ఒక పెద్దది జేబులో వేసుకుని వెళ్లండి. క్లిప్పుకు ఎక్కించి, రైల్‌ను తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించండి. క్లిప్పు మీది చిన్న గుండు సాకెట్ లోపలి గుంటలో టక్కున కూర్చోవాలి. బాగా అరిగిన సాకెట్లలో ఆ గుంట మిగలదు, అప్పుడు తప్పు రైల్‌ది కాదు.

అయస్కాంతపు పట్టీలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, గ్రైండింగ్ జరిగే షెడ్డులో ఇనుప రజను వాటికి అంటుకుని, అక్కడి నుంచి సాకెట్ లోపలికి, ఆపై రాచెట్‌లోకి (సాకెట్‌ను తిప్పే పిడి) చేరుతుంది. అలాంటి చోట వాటిని నేను సిఫారసు చేయను.

లోహపు రైల్ కొంటే రెండు చివర్ల మూతలను వేలితో లాగి చూడాలి. క్లిప్పులు జారే పట్టీలో ఆ మూత ఊడితే క్లిప్పులన్నీ ఒకదాని వెంట ఒకటి రాలిపోతాయి. అల్యూమినియం తుప్పు పట్టదు, ఉక్కు అంత సులువుగా వంగదు. ప్లాస్టిక్ తేలికే కానీ దాని క్లిప్పు చెవులు విరిగితే అతికించుకునే దారి లేదు.

పాత ట్రాక్టర్లకు అంగుళాల బోల్టులు ఇప్పటికీ తగులుతుంటాయి కాబట్టి, ఆ సాకెట్లకు వేరే రంగు రైల్ తీసుకోవాలి. తల అరంగుళం వెడల్పున్న బోల్టుకు పొరపాటున 13 నంబరు ఎక్కిస్తే కొద్దిగా వదులుగా కూర్చుంటుంది, బిగువైన బోల్టయితే మూలలు అరిగిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ దుకాణాల్లో కావలసిన రకం దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చూడవచ్చు. క్లిప్పులను విడిగా అమ్మే రకమే అడగండి, విరిగిన ఒక్క క్లిప్పు కోసం పట్టీ అంతా మార్చవలసిన పని ఉండదు.