‘గ్యాస్ పోయింది’ అనే ముందు: ఫ్రిజ్ సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

ఫ్రిజ్ చల్లబడకపోతే మన దక్షిణ ఒడిశాలో, బరంపురంలో అయినా, పర్లాకిమిడిలో అయినా మొదట వినపడే తీర్పు ఒక్కటే. తెలుగు మిస్త్రీ ‘గ్యాస్ పోయిందమ్మా’ అంటాడు, ఒడియా మిస్త్రీ ‘గ్యాస్ చాలిగలా’ అంటాడు. కానీ ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా వాడకానికి అయిపోయేది కాదు. మూసిన గొట్టంలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడైనా చిల్లు పడితేనే పోతుంది. చల్లదనం తగ్గడానికి అంతకన్నా మామూలు కారణాలు చాలా ఉన్నాయి: వోల్టేజీ, దుమ్ము, తలుపు రబ్బరు, మంచు, రిలే (గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ మోటారును లేపే చిన్న భాగం). వాటన్నిటినీ చూశాకే గ్యాస్ సంగతికి రావాలి. అందుకే ఇక్కడ గ్యాస్‌ను చివర్న పెట్టాం.

ముందుగా ఒక కొలత. గ్లాసు నీళ్లలో థర్మామీటరు ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున 3 నుంచి 5 డిగ్రీల మధ్య చూపిస్తే ఫ్రిజ్ బాగానే ఉన్నట్టు. (జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు.) ఇంకో జాగ్రత్త: వెనకవైపు చెయ్యి పెట్టేముందు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్ పీకాలి. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ తీగ మీద ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

లోపల లైటు వెలుగుతోంది, వెనక ‘టిక్’ మంటోంది, కంప్రెసర్ తిరగడం లేదు

నాలుగైదు నిమిషాలకోసారి ‘టిక్’, కాసేపు ‘మ్‌మ్‌’ అని మూలుగు, మళ్లీ ‘టిక్’. కంప్రెసర్ లేవాలని చూస్తోంది, లేవలేకపోతోంది. లేవలేని మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అది కాలిపోకుండా పక్కనున్న ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ కోసేస్తుంది. ఆ కోసిన చప్పుడే ‘టిక్’. ఇలా గంటల తరబడి వదిలేస్తే మంచి కంప్రెసర్ కూడా పాడవుతుంది, కాబట్టి వినగానే ప్లగ్ పీకండి.

మొదటి అనుమానం వోల్టేజీ మీదే ఉండాలి. రాయగడ, గుణుపురం వైపు ఊళ్లలో, ముఖ్యంగా లైను చివర ఉన్న ఇళ్లలో, సాయంత్రం అందరూ లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు వేసే వేళకి ఇది మామూలే. మల్టీమీటరును ఏసీ 750 వోల్టుల మీద పెట్టి, ఫ్రిజ్ పెట్టే ప్లగ్గు దగ్గరే కొలవండి. ఊరికే ఉన్నప్పటి రీడింగ్ సగం కథే. కంప్రెసర్ లేచే క్షణంలో ఎంతకి పడుతుందో చూడాలి. మామూలుగా 215 ఉండి, ఫ్రిజ్ లేవబోయే క్షణాన 180కి పడిపోతే తప్పు మీ ఇంటి వైరింగులోనే ఉండొచ్చు: సన్నని తీగ, వదులైన స్క్రూ, నల్లబడిన సాకెట్టు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు. పక్కగదిలో బల్బు కూడా ఆ క్షణాన మసకబారుతుంది. అలాంటప్పుడు ఫ్రిజ్‌కి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, సొంత సాకెట్టు పెట్టించాలి. ఊరికే ఉన్నప్పుడే 170, 160 చూపిస్తే స్టెబిలైజర్ తప్పదు.

స్టెబిలైజర్ కొనేటప్పుడు పెట్టె మీద చూడాల్సింది బొమ్మ కాదు, ఇన్‌పుట్ రేంజి. మీ ఊళ్లో సాయంత్రం 150కి పడిపోతుంటే, 170 నుంచి పనిచేసే స్టెబిలైజర్ సరిగ్గా అవసరమైన వేళకే కరెంటు కోసేసి కూర్చుంటుంది. 130 నుంచి 290 దాకా తట్టుకునేది అడగండి. మూడు నిమిషాల ఆలస్యం తప్పక ఉండాలి. కరెంటు పోయి వెంటనే వస్తే గొట్టంలో ఒకవైపు ఒత్తిడి ఇంకా ఎక్కువగానే ఉంటుంది. ఆ బరువు మీద కంప్రెసర్ లేవలేదు. రెండువైపులా ఒత్తిడి సమం కావడానికి ఆ మూడు నిమిషాలు కావాలి. స్టెబిలైజర్ లేని ఇంట్లో ఈ పని మీరే చెయ్యొచ్చు. కరెంటు వచ్చీ పోతూ ఆటలాడుతుంటే ప్లగ్ పీకి, నిలకడగా వచ్చాక ఐదు నిమిషాలాగి పెట్టండి.

వోల్టేజీ బాగుంటే రిలే చూడాలి. కంప్రెసర్ పక్కన నల్లటి ప్లాస్టిక్ మూత తీస్తే పిన్నులకి గుచ్చి ఉంటుంది. ప్లగ్ పీకి, రిలేని మెల్లగా లాగి చెవి దగ్గర ఊపండి. గిలక్కాయలా గలగలమంటే లోపల ఉన్న బిళ్ల పగిలింది. మాడిన వాసన వచ్చినా మార్చాల్సిందే. కొత్తది తెచ్చేటప్పుడు ఫ్రిజ్ కంపెనీ పేరు చెబితే సరిపోదు. కంప్రెసర్ మీద ఉన్న మోడల్ నంబరును ఫోన్‌లో ఫొటో తీసి షాపులో చూపించండి.

రిలే తీశాక కంప్రెసర్‌కి మూడు పిన్నులు కనిపిస్తాయి. వాటిని రెండేసి చొప్పున ఓమ్స్‌లో కొలిస్తే మూడు రీడింగులు వస్తాయి. వాటిలో పెద్దది మిగతా రెండింటి మొత్తంతో సమానం కావాలి. ఉదాహరణకి 12, 20 వస్తే మూడోది 32 దగ్గర రావాలి. అలా వస్తే వైండింగు బతికే ఉంది. ఏ జత మధ్యనైనా రీడింగే రాకపోతే తీగ తెగింది. ఏ పిన్నుకైనా కంప్రెసర్ ఇనుప గుల్లతో కొద్దిపాటి కలయిక చూపించినా ఆ కంప్రెసర్ అయిపోయినట్టే, దాన్ని ఇక ప్లగ్గులో పెట్టకండి. కొలతలన్నీ బాగుండి, కొత్త రిలేతో కూడా లేవకపోతే లోపల యంత్రం బిగుసుకుంది.

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకి (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే రకం) ఈ పరీక్షలేవీ వర్తించవు. వాటికి రిలే ఉండదు, సర్క్యూట్ బోర్డు ఉంటుంది. బోర్డు మీద చిన్న లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చడం వరకే ఇంట్లో చేసే పని.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, చల్లదనం అంతంత మాత్రం

లోపలి వేడిని తీసి బయట వదలడమే ఫ్రిజ్ చేసే పని. బయట వదలడానికి దారి లేకపోతే ఎంత తిరిగినా లాభం లేదు. వెనక గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య నాలుగు వేళ్లు దూరవు, పైన పాత చీరలు, క్యాలెండర్లు, బియ్యం సంచి: చాలా ఇళ్లలో ఇదే దృశ్యం. వెనకా పక్కలా కనీసం పది సెంటీమీటర్లు వదలండి. వెనక నల్లటి జాలీ ఉన్న పాత మోడళ్లకి ఆరు నెలలకోసారి ప్లగ్ పీకి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. కొత్తవాటిలో ఆ గొట్టం పక్క గోడల్లోనే దాగి ఉంటుంది. అందుకే పక్కలు వేడెక్కడం జబ్బు కాదు. ఆ వేడి ఉందంటే గ్యాస్ తిరుగుతోందని గుర్తు.

గోపాలపురం, ఛత్రపురం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో దుమ్ము కన్నా ఉప్పుగాలి పెద్ద శత్రువు. వెనక జాలీని, కంప్రెసర్ కింది రేకును నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. రేకు మీద తుప్పు మొదలైతే గీకి రెడ్ ఆక్సైడ్ పూయండి. సన్నని గొట్టాల మీద మాత్రం ఇసుక కాగితం రుద్దవద్దు.

తరవాత తలుపు. పాత పది రూపాయల నోటు తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. కాస్త పట్టుకుంటూ రావాలి. జారిపోతే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు వైపులా, నాలుగు మూలలా చూడండి. రబ్బరు మార్చే ముందు దాని మడతలు విప్పి చూస్తే, చాలాసార్లు అసలు దోషం దొరుకుతుంది. ఇడ్లీ పిండి పొంగి కారి, మడతలో తెల్లగా ఎండి అంటుకుని ఉంటుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పట్టి కడిగితే అయస్కాంతం మళ్లీ అతుక్కుంటుంది. వంకర తిరిగిన చోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపి, వేళ్లతో సరిచేసి, తలుపు మూసి ఉంచండి. చిరిగిన రబ్బరు మాత్రం మార్చాల్సిందే. ఫ్రిజ్ ముందుకాళ్లు వెనకకన్నా కాస్త ఎత్తుగా ఉంటే తలుపు తనంతట తానే మూసుకుంటుంది.

నాబ్ మీద అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చలి పెరుగుతుంది. వేసవిలో 4, చలికాలంలో 2 మామూలు. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు, జనవరిలో ఒక వింత ఎదురవుతుంది: కింద అంతా చల్లగానే ఉండి ఫ్రీజరులో గడ్డ కట్టదు. బయటే చలిగా ఉంటే కింది అర త్వరగా చల్లబడి కంప్రెసర్ ఎక్కువసేపు ఆగిపోతుంది. ఇది రిపేరు కాదు. నాబ్ ఒక అంకె పెంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ఫ్రీజరులో మంచు కొండ

ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే డిఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. మంచు చలిని అడ్డుకునే దుప్పటి లాంటిది, మందంగా ఉన్నకొద్దీ కంప్రెసర్‌కి చాకిరీ. అతుక్కుపోయిన కొణెం చేప ముక్కల ప్యాకెట్‌ను చాకుతోనో అట్లకాడతోనో పెకిలించవద్దు. ఆ పలకలోనే గ్యాస్ గొట్టం ఉంటుంది, అది పలచని అల్యూమినియం. నిజంగా గ్యాస్ పోయే ఇళ్లలో చాలామటుకు దోషి ఈ చాకే. ఫ్రిజ్ ఆపి, తలుపు తెరిచి, వేడినీళ్ల గిన్నె పెట్టి అరగంట ఆగండి.

ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచును తనంతట తానే కరిగించుకునే ఫ్రిజ్‌లో (ఎక్కువగా రెండు తలుపులవి), పైన గడ్డ కడుతూ కింద చల్లబడకపోతే వెనక పలక లోపల మంచు పేరుకుని ఫ్యాన్ గాలికి దారి మూసేసి ఉంటుంది. సామాను తీసి, ఫ్రిజ్ ఆపి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద తువాలు పరవండి. మళ్లీ పెడితే వారం, పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసి మళ్లీ మొదటికొస్తే, డిఫ్రాస్ట్ భాగాల్లో ఒకటి పోయింది: హీటర్, బైమెటల్ (చలికి కలిసి, వేడికి విడిపోయే స్విచ్), థర్మల్ ఫ్యూజు, లేదా టైమరు. 150 వాట్ల హీటరైతే సుమారు 350 ఓమ్‌లు చూపించాలి, అసలేమీ చూపకపోతే తెగింది. బైమెటల్‌ను గది వేడిలో కొలిచి ‘తెగింది’ అని పారేయకండి. అది గడ్డకట్టే చలిలోనే కలుస్తుంది. మంచులో ఉన్నప్పుడే కొలవాలి.

కూరగాయల డబ్బా కింద నీళ్లు

వెనక గోడ అడుగున ఉన్న చిన్న కన్నం పూడుకుపోయింది. కొత్తిమీర కాడ, కరివేపాకు, ఐస్ ముక్క, ఏదో ఒకటి. సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టండి, ఇనుప కమ్మీ గుచ్చకండి. ఆ నీళ్లు కంప్రెసర్ మీది ట్రేలోకి చేరాలి. ఆ ట్రే మలేరియా, డెంగ్యూ తిరిగే మన జిల్లాల్లో వేరే కారణానికీ ముఖ్యం: డెంగ్యూ దోమ అందులో గుడ్లు పెడుతుంది. వారానికోసారి నీళ్లు తీసి తుడవండి.

ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఎర్త్ లేదు. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడుపుతుంటే ఈ పూటే ఆపండి. ఎలక వైరు కొరికిందేమో కంప్రెసర్ దగ్గర టార్చి వేసి చూడండి. ఎర్త్ సరిచేసినా షాక్ కొడితే, లేదా ఫ్రిజ్ పెట్టగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా కోసేసే స్విచ్) పడిపోతుంటే, లోపల కరెంటు లీకవుతోంది. ఫ్రిజ్‌ను పక్కన పెట్టాలి.

తుపాను రోజుల్లో

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ తీరాన్ని తాకాయి. అక్టోబరులో హెచ్చరిక వినగానే సీసాలకి నీళ్లు పట్టి ఫ్రీజరులో గడ్డ కట్టించండి, ఫ్రిజ్‌ను ఇటుకల మీద ఎత్తండి, గాలి మొదలయ్యే ముందు ప్లగ్ పీకండి. తలుపు తెరవకపోతే కింది అరలో చలి సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. తరవాత పాలు, చేపలు, వండినవి నమ్మకండి. కంప్రెసర్ దాకా వరదనీరు వస్తే పూర్తిగా ఆరి, మిస్త్రీ కొలిచి చూసేదాకా కరెంటు ఇవ్వకండి.

అన్నీ చూశాక, గ్యాస్

ఇప్పుడు అనుమానించొచ్చు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూ, పక్కలూ జాలీ ఏమాత్రం వేడెక్కక, ఫ్రీజరు పలక మీద ఒక మూలే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గినట్టు. గొట్టం అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే దాదాపు ఖాయం. ఇంకో రకం ఉంది: కొంతసేపు చల్లబడి, ఆగిపోయి, ఆపి గంట తరవాత పెడితే మళ్లీ చల్లబడుతుంది. గొట్టంలో చేరిన తేమ క్యాపిలరీ (వెంట్రుకలా సన్నని గొట్టం) కొసన గడ్డకట్టి దారి మూస్తోంది. దానికి గ్యాస్ ఎంత నింపినా ఫలితం ఉండదు.

ఏ రకం గ్యాసో కంప్రెసర్ లేబుల్ మీద చూడండి. ఆర్-134ఏ అయితే మంట అంటుకోదు. ఆర్-600ఏ అయితే అంటుకుంటుంది, వంటింట్లో స్టవ్ పక్కన ఆ పని చేయించకూడదు. ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. ఆర్-600ఏ కొద్ది గ్రాములే పడుతుంది, ఎంతో లేబుల్ మీదే రాసి ఉంటుంది. పది గ్రాముల తేడా కూడా చల్లదనాన్ని మార్చేస్తుంది. అందుకే చేతి అంచనా కుదరదు, తూకం యంత్రం ఉండాలి.

పని ఒప్పుకునే ముందు మిస్త్రీని నాలుగు అడగండి: చిల్లు ఎక్కడో సబ్బు నురగతో చూపిస్తారా? ఫిల్టర్ డ్రయ్యర్ (గొట్టంలో తేమ పీల్చే భాగం) కొత్తది వేస్తారా? వ్యాక్యూమ్ పంపు (గొట్టంలోని గాలి, తేమ లాగేసేది) తెచ్చి కనీసం అరగంట నడుపుతారా? గ్యాస్ తూచి పోస్తారా? నాలుగింటికీ అవునంటే పని ఇవ్వండి, పోసిన గ్రాములు బిల్లు మీద రాయించుకోండి. ‘అవన్నీ ఎందుకమ్మా, పది నిమిషాల్లో కొట్టేస్తా’ అంటే వచ్చే వేసవికి మళ్లీ పిలవాల్సింది అతన్నే. చిల్లు గోడ లోపల ఫోమ్ వెనక ఉందని తేలితే, పదేళ్లు దాటిన ఫ్రిజ్ మీద ఇక డబ్బు పెట్టకండి.