కార్తీక స్నానాలకు బయలుదేరే ముందు: తేట నీళ్లను నమ్మకండి

దసరా సెలవుల ఆఖరి ఆదివారం విజయవాడలో మా పక్క వీధి పిల్లాడు కృష్ణలో మునిగి పోయాడు. ఇంటర్ సెకండియర్. నలుగురు స్నేహితులు రెండు బళ్ల మీద కరకట్ట పట్టుకుని నది ఎగువకు వెళ్లి, మనిషి అలికిడి లేని ఇసుక మేట దగ్గర దిగారు. దిగగానే తీసుకున్న వీడియో ఒకటి ఆ పిల్లల ఫోన్‌లో ఉండిపోయింది. నేను చూశాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి "ఒరేయ్, కాలివేళ్లు కూడా కనపడుతున్నాయిరా" అంటున్నాడు. నిజంగానే కనపడుతున్నాయి. వేళ్ల సందుల్లోంచి ఇసుక జారడం కూడా కనపడుతోంది. అక్కడికి నాలుగంగల అవతల ఇసుక తవ్వేసిన గొయ్యి ఉంది. తర్వాత గజ ఈతగాళ్లు గెడ దింపి చూస్తే రెండు నిలువుల లోతు ఉంది.

ఊళ్లో ఇన్ని ఘాట్లు పెట్టుకుని అంత దూరం ఎందుకు పోయార్రా అని మిగిలిన ముగ్గుర్నీ అడిగాను. "ఇక్కడ నీళ్లు మురికిగా ఉంటాయి అంకుల్. అక్కడైతే క్లీన్‌గా ఉంటాయని..." అన్నాడు ఒకడు. మాట పూర్తి చేయలేకపోయాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. కృష్ణలంకలో పుట్టి, ఏడేళ్లప్పుడు వీపుకు బెండు కట్టించుకుని ఇదే నదిలో ఈత నేర్చుకున్నవాణ్ని. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. నాకు తెలిసిన చావుల్లో బురద నీళ్లలో పోయినవాళ్లు తక్కువ. ఎర్రగా సుళ్లు తిరుగుతున్న నీళ్లను చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, ఒడ్డునే ఆగిపోతారు. తేట నీళ్లను చూస్తే ఆ భయం పోతుంది. చెప్పులు విడిచి దిగిపోతారు. తేట నీళ్లు వెతుక్కుంటూ పోవడమే మన పిల్లల్ని చంపుతోంది.

దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. వరదలు తగ్గి, ఒండ్రు కిందికి దిగి, కృష్ణ కంటికి అందంగా కనపడేది ఈ నెలలోనే. సోమవారాలు, పౌర్ణమి, వనభోజనాలు అంటూ ఏటి ఒడ్డుకు జనం వెళ్లేదీ ఈ నెలలోనే. ఈత రాకపోతే లోతుకు వెళ్లొద్దు, తాగి దిగొద్దు లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ముఖ్యంగా ఈ ఒక్క తప్పు గురించి చెబుతాను. చెప్పిందే మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

తేట అంటే లోతు తక్కువని కాదు

నీళ్ల అడుగున ఉన్న నేల, ఉన్నచోటు కంటే పైకి వచ్చినట్టు కనపడుతుంది. గ్లాసులో వేసిన చెంచా వంగినట్టు కనపడటం చూశారు కదా, అదే కారణం. సరిగ్గా పైనుంచి చూస్తేనే నాలుగడుగుల లోతు మూడడుగుల్లా ఉంటుంది. ఒడ్డున నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా అనిపిస్తుంది. పదేళ్ల పిల్లాడికి ఆ అడుగు తేడా అంటే నీళ్లు మెడ దగ్గర ఆగడానికీ ముక్కు దాటడానికీ ఉన్న తేడా. బురద నీళ్లలో అడుగు కనపడదు కాబట్టి కాలితో తడుముకుంటూ వెళతాం. తేట నీళ్లలో కన్ను చెప్పింది నమ్మి పరిగెత్తుకెళతాం.

ఇక ఇసుక గోతులు. నది తానుగా చేసుకున్న వాలు మెల్లగా దిగుతుంది. పొక్లెయిన్‌తో తవ్విన గొయ్యి గోడలా నిలువుగా దిగుతుంది. ఆ అంచు మీద వరద కొత్త ఇసుకను పల్చగా పరుస్తుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే చదును. కాలు పెట్టగానే ఆ ఇసుక కిందికి జారుతుంది, మనిషీ జారతాడు. పైకి ఎక్కబోతే పట్టుకున్న ప్రతిసారీ గుప్పిట్లోకి ఇసుకే వస్తుంది. ఈత వచ్చినవాడు కూడా ఆ కంగారులో నీళ్లు మింగుతాడు. వాణ్ని లాగబోయి చెయ్యిచ్చినవాడు నిలబడింది కూడా ఆ అంచు మీదే. అందుకే ఇలాంటి చోట్ల ఒక్కరితో ఆగదు. "ముగ్గురు గల్లంతు" అని మర్నాడు పేపర్లో వచ్చేది ఇలాగే.

"పోయినేడు ఇక్కడే చేశాం, నడుం లోతే" అని ఎవరైనా అంటే వినకండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంత రాకపోయినా ప్రతి వరదకూ అడుగున ఇసుక జరుగుతుంది. నిరుడు మేట ఉన్నచోట ఇవాళ మడుగు ఉండొచ్చు. నిన్నటి లెక్క నదికి పనికిరాదు.

తేట అంటే శుభ్రమనీ కాదు

బురద వేరు, మురికి వేరు. బురద అంటే మట్టి. నీళ్లు నాలుగు రోజులు నిలిస్తే అది దిగిపోతుంది. రోగం తెచ్చే క్రిములు కంటికి కనపడేవి కావు, నీళ్లు తేటపడినంత మాత్రాన అవి పోయినట్టూ కాదు. స్నానానికి పనికొచ్చే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత ఒకటుంది. 100 మిల్లీలీటర్లలో, అంటే సుమారు ఒక టీ గ్లాసులో, మనుషుల పశువుల మలం నుంచి వచ్చే కోలిఫాం క్రిములు 500 లోపు ఉండటం మంచిది, ఎట్టి పరిస్థితుల్లోనూ 2500 దాటకూడదు. ఆ లెక్క ల్యాబ్‌లో తేలాలి తప్ప ఒడ్డు మీద నిలబడి ఎంత కళ్లు చించుకుని చూసినా తెలియదు.

ప్యారిస్‌లో సేన్ నది సంగతి చూడండి. 1923లో అందులో ఈత నిషేధించారు. మళ్లీ జనాన్ని దిగనిచ్చింది 2025 జులైలో, అదీ మూడు చోట్ల మాత్రమే. దానికోసం వంద కోట్ల యూరోల పైనే ఖర్చు పెట్టారు. ఇప్పటికీ ఈత సీజన్‌లో రోజూ నీళ్లు పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని బట్టి తెరవాలా మూయాలా అనేది చెబుతారు. పెద్ద వాన పడితే మురుగు పొంగి నదిలో కలుస్తుంది కాబట్టి మూసేస్తారు. ఆ నీళ్లు చూడ్డానికి పచ్చగా, మసకగానే ఉంటాయి. అయినా పరీక్షలో నెగ్గిన రోజున జనం హాయిగా ఈదుతున్నారు. రంగు చూసి తీర్పు చెప్పడం అక్కడ లేదు.

మన దగ్గర ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ బ్యారేజీ దగ్గర తీసుకున్న కృష్ణ నీళ్లతోనే ఊరి నడుమ నుంచి వెళతాయి. బయలుదేరినప్పటి నీళ్లు, ఊరు దాటేటప్పటి నీళ్లు ఒకటి కావు. దారి పొడవునా డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. వాన పడిన రెండు మూడు రోజులు మరీ ఘోరం. "వానకు కొట్టుకుపోయి శుభ్రపడింది" అనుకుంటారు చాలామంది. రోడ్ల మీద, సందుల్లో ఉన్నదంతా అప్పుడే కదా కాలువలోకి చేరేది!

మరి ఎక్కడ మునగాలి?

ఘాట్లలోనే. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, అవతలి ఒడ్డున సీతానగరం, ఏదైనా సరే. అక్కడ నీళ్లు అమృతమని నేను అనడం లేదు. పూలు, ఆకులు, కాలిన వత్తులు, ప్లాస్టిక్ కవర్లు తేలుతుంటాయి, చూస్తే మనసొప్పదు. నాకూ ఒప్పదు. కానీ అక్కడ కాలి కింద మెట్టు ఉంది. పండుగ రోజుల్లో గొలుసులు కడతారు, కేకేస్తే వినే మనిషి ఉంటాడు. ఘాట్లో నీళ్లు బాగా లేవనిపిస్తే కుళాయి కింద జల్లు స్నానం చేయండి, లేదా చెంబుతో నెత్తిన చల్లుకుని రండి. నీళ్లు బాగా లేవని ఘాట్ వదిలేసి నది ఎగువకు వెళ్లడం మాత్రం వద్దు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే. మురికి నీళ్లు తెచ్చే దురదకు, విరేచనాలకు మందు ఉంది. ఆ గొయ్యికి మందు లేదు.

మునిగేటప్పుడు ముక్కు గట్టిగా మూసుకోండి. 2025లో కేరళలో మెదడు తినే అమీబా కేసులు బయటపడి అందరికీ టెన్షన్ పట్టుకుంది. అది కడుపులోకి పోతే ఏమీ చేయదు. ముక్కులోంచి మెదడుకు చేరితేనే ప్రమాదం. వెచ్చగా, నిలిచిపోయిన నీళ్లలో ఎక్కువ. అంటే పారే నది కంటే బాగుచేయని కోనేరు, చెరువు, నీళ్లు నిలిచిన క్వారీ గుంత దగ్గర ఇంకా జాగ్రత్త. అది కూడా తేట నీళ్లలో ఉండొచ్చు.

కాళ్లకు పుండ్లు, పగుళ్లు ఉంటే దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు వాటిలోంచి ఎక్కి ఎలుక జ్వరం వస్తుంది. స్నానం అయిన నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కు "నదిలో స్నానం చేశాను" అని మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

ఆచమనానికి ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు చిన్న సీసాలో తీసుకెళ్లండి. సంకల్పం మనసులోది, అమ్మవారు ఏమీ అనుకోదు.

ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, వరసగా రాసేస్తాను.

వనభోజనాలకు స్థలం చూసేవాళ్లు నీళ్లకు దూరంగా చూడండి. "పక్కనే తేట నీళ్లు, పిల్లలు ఆడుకుంటారు" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ స్థలం మార్చేయండి.

నీళ్లలోకి తల ముందుగా దూకొద్దు. ఎక్కడా వద్దు.

బ్యారేజీ గేట్లకు దగ్గర్లో, పైనా కిందా నీళ్లలో అడుగు పెట్టొద్దు. 70 గేట్లలో ఏది ఎప్పుడు ఎత్తుతారో మీకు తెలియదు.

కాలువలో ఈత వద్దు. పైకి నిమ్మళంగా కనపడుతుంది, లోపల లాగుడు ఉంటుంది. గట్టు పాచి పట్టి చేతికి దొరకదు. లాకుల దగ్గర అసలే వద్దు.

చీరతో మునిగే ఆడవాళ్లు కచ్చ బిగించి దిగండి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే మోకాలి లోతులో కూడా లేవలేరు. పక్కన ఇంకొకరు చెయ్యి పట్టుకుని ఉండాలి.

కనిపించే ఆఖరి మెట్టు మీదే ఆగండి. కింద ఇంకో మెట్టు తేటగా కనపడుతున్నా సరే, దిగొద్దు. పాచి ఉంటుంది.

అరటి దొప్పలో దీపం వదిలేటప్పుడు దాన్ని ముందుకు తొయ్యడానికి వంగొద్దు. నీళ్లను చేత్తో అలా అంటే అదే పోతుంది.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఇవ్వమనండి. లేదంటే దిగిపోండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అదీ కార్తీకమే, అదీ ఆదివారమే.

ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు. ఎంత ఈత వచ్చినా దూకొద్దు. మునిగేవాడు మీ మెడ పట్టుకుని మిమ్మల్నీ ముంచుతాడు. చీర విసరండి, పంచె విసరండి, తాడు విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి. వనభోజనాలకు వెళితే ఒక తాడు, ఒక ఖాళీ క్యాన్ బండిలో ఉండి తీరాలి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయొద్దు. భుజాన వేసుకుని తిప్పొద్దు. పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లోకి ఐదు సార్లు గాలి ఊది, ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి. ముప్పై నొక్కులకు రెండుసార్లు గాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. 108 వాళ్లు వచ్చేదాకా ఆపొద్దు. తేరుకుని మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్లు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు.

కాలేజీ పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు "నదికి వెళ్లొద్దు" అని ఊరుకోకండి. వాళ్లు వెళతారు. "వెళితే ఘాట్‌కే వెళ్లు, ఎగువకు మాత్రం వెళ్లకు, నీళ్లు తేటగా ఉన్నచోటికి అసలు వెళ్లకు" అని చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి. ఆ పిల్లాడికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ మొన్న కూడా నన్ను అదే అడిగింది, "నీళ్లు అంత బాగున్నాయంట కదా అన్నయ్యా, ఎలా పోయాడు?" అని.

రేవులో ఉన్నంతసేపూ పిల్లల్ని లెక్క పెట్టుకోండి. బస్సెక్కేటప్పుడు కాదు, నీళ్ల దగ్గర ఉన్నప్పుడే, ఐదు నిమిషాలకోసారి, పేరు పెట్టి పిలిచి.